కాలాపానీలో వైద్యుని సంతకం

చెన్నై నుంచి రెండు గంటలకు పైగా సముద్రం మీద ఎగిరిన తర్వాత విమానం కిటికీలోంచి పచ్చని దీవులు కనిపించాయి. పక్క సీటులో కూర్చున్న మా అమ్మాయి ఆ పచ్చదనాన్ని చూడటం లేదు. మడత పెట్టిన ఒక కాగితాన్ని పర్సులోంచి తీసి మరోసారి చదువుకుంటున్నది. అది ఆమె ఉద్యోగ ఉత్తర్వు. వైద్యవిద్య ముగించి ప్రభుత్వ సర్వీసుకు ఎంపికైన ఆమెకు మొదటి నియామకం ఒక కారాగార వైద్యశాలలో వచ్చింది. చేరడానికి మిగిలిన గడువు పదిహేను రోజులు.

ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. "ఆడపిల్లకు జైలు ఉద్యోగమా?" అని ఆమె తల్లి కన్నీరు పెట్టుకుంది. "ఏడాది ఆగితే మంచి చోటే దొరుకుతుంది" అని ఆమె ఖాలా ఫోనులో నచ్చజెప్పింది. నేనూ వద్దనే అనుకున్నాను. అయితే అంతకు మూడు నెలల ముందే టికెట్లు కొనుక్కున్న అండమాన్ ప్రయాణం ఆ వారంలోనే పడింది. ముప్పయ్యేళ్లు ఉర్దూ ఉపాధ్యాయునిగా పనిచేసిన నాకు, అల్లామా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ గారి సమాధి వద్ద ఒకసారి నిలబడి ఫాతిహా చదవాలన్నది చిరకాల కోరిక. ముగ్గురం బయలుదేరాము. జైలు గురించిన మాట ఇంటికి తిరిగి వచ్చేవరకు ఎత్తకూడదని మాలో మేము ఒప్పందం చేసుకున్నాము. కాలాపానీకి వెళుతూ జైలు మాట ఎత్తకుండా ఉండటం ఎలా సాధ్యమని ఆ సమయంలో మాకు తోచలేదు.

చాథం దీవి: ఇద్దరు వైద్యులు, రెండు వందల మంది ఖైదీలు

పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఊరివారి నోట పాత పేరే ఇంకా నలుగుతున్నది. అబర్డీన్ బజారులో తెలుగు మాట వినిపించి ఆగిపోయాము. కూరగాయలమ్ముతున్న ఆమె తాత శ్రీకాకుళం నుంచి వచ్చారట. "ఇక్కడ మన వాళ్లు చాలామంది ఉన్నారండీ" అంటూ కొలిచిన దానికి మించి రెండు టమాటాలు మా సంచిలో వేసింది.

మొదటి రోజు మధ్యాహ్నం చాథం దీవికి వెళ్లాము. చిన్న వంతెన దాటితే చాలు. 1883 నాటి రంపపు కోత మిల్లు అక్కడ ఇంకా ఉంది. సందర్శకులు చూసేది దానినే. నేను మాత్రం నీటి ఒడ్డుకు వెళ్లి నిలబడ్డాను. ఈ దీవులలో బ్రిటిష్ వారు రెండుసార్లు వలస స్థాపించారు. మొదటిది 1789లో ఇక్కడే మొదలైంది. 1792లో దానిని ఉత్తరానికి తరలించారు. అక్కడ జ్వరాలతో మనుషులు రాలిపోతుంటే 1796లో దీవులనే వదిలిపెట్టి వెళ్లిపోయారు. మనిషి ఆరోగ్యానికి ఈ గాలీ నీరూ పడవని పాలకులకు 1857కు ఆరు దశాబ్దాల ముందే తెలుసు.

తిరుగుబాటు తర్వాత ఉత్తర భారతంలోని జైళ్లు నిండిపోయాయి. ద్వీపాంతరవాసానికి అనువైన చోటు వెదకమని 1857 చివరిలో ఒక సంఘాన్ని పంపారు. దాని అధ్యక్షుడు డాక్టర్ ఫ్రెడరిక్ మోవాట్. ఆయన కలకత్తా వైద్య కళాశాలలో పనిచేసిన వైద్యుడు, బెంగాల్ జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్. సంఘ సభ్యులలో మరొకరు డాక్టర్ ప్లేఫెయిర్. చోటును వైద్యులే చూశారు, వైద్యులే ఎంపిక చేశారు. 1858 మార్చి 10న సెమిరామిస్ అనే ఓడ మొదటి రెండు వందల మంది ఖైదీలను తెచ్చి దింపింది. వారి వెంట వచ్చిన సూపరింటెండెంటు డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్. ఆయన కూడా వైద్యుడే. అంతకు ముందు ఆగ్రా జైలును నడిపినవాడు. ఆయన వెంట యాభైమంది నావికాదళ కాపలాదారులు, ఒక దేశీయ పర్యవేక్షకుడు, ఇద్దరు దేశీయ వైద్యులు ఉన్నారు.

"రెండు వందల మందికి ఇద్దరు వైద్యులంటే అబ్బా, ఈనాటి లెక్కలో చాలా ఎక్కువే" అన్నది మా అమ్మాయి. జైలు మాట ఎత్తకూడదన్న ఒప్పందం అలా మొదటి రోజే చెదిరింది.

నేను ఆమెకు తర్వాతి లెక్క చెప్పాను. ఆ సంవత్సరం జూన్ 16 నాటికి, అంటే మూడు నెలలు గడిచేసరికి, దీవులకు చేరిన ఖైదీలు 773 మంది. ఆసుపత్రిలో చనిపోయినవారు 64 మంది. పారిపోయి మళ్లీ దొరకనివారు 140 మంది. అడవిలో ఆకలికో, ఆదిమవాసుల బాణాలకో వారు బలయ్యారని భావించారు. ఆత్మహత్య చేసుకున్నది ఒకరు. పారిపోబోయారన్న నేరానికి ఉరితీయబడినవారు 87 మంది. మిగిలింది 481 మంది. ఆ ఉరులలో 86 ఒక్క రోజునే జరిగాయి. ఆజ్ఞాపించినవాడు డాక్టర్ వాకరే. కలకత్తా ప్రభుత్వమే ఉలిక్కిపడి ఇక ఉరులు ఆపమని రాయవలసి వచ్చింది.

మా అమ్మాయి వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. జ్వరాలు తీసుకున్న ప్రాణాలకంటే వైద్యుని ఆజ్ఞ తీసుకున్న ప్రాణాలే ఎక్కువ. ఆ మాట ఆమె పైకి అనలేదు. చాలాసేపు నీటివైపే చూస్తూ నిలబడింది.

రాస్ దీవి: ఒకే మనిషికి రెండు పదవులు

చాథంలో తాగునీరు చాలక పాలనా కేంద్రాన్ని రాస్ దీవికి మార్చారు. ఇప్పుడు దాని పేరు నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపం. అబర్డీన్ రేవు నుంచి పడవలో పావుగంట ప్రయాణం. దిగగానే జింకలు మనుషుల వెంట నడుస్తాయి. చర్చి, రొట్టెల బట్టీ, అధికారుల విడిది, అన్నీ గోడలే మిగిలాయి. మర్రి వేళ్లు ఆ గోడలను పట్టుకుని ఉన్నాయి. మా శ్రీమతి ఒక చెట్టు నీడలో దుప్పటి పరచి, ఇంటి నుంచి తెచ్చిన చక్కిలాలు తీసింది. అక్కడ కూర్చుని మా అమ్మాయికి ఆనాటి జైలు వైద్యుల వరుస వివరించాను.

పైన ఉండేవాడు ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన తెల్లవాడైన వైద్యాధికారి. అతని కింద మొదట్లో 'దేశీయ వైద్యుడు' అని, తర్వాత 'హాస్పిటల్ అసిస్టెంట్' అని, ఆ తర్వాత 'సబ్ అసిస్టెంట్ సర్జన్' అని పిలవబడిన భారతీయుడు. అతని కింద కాంపౌండరు, రోగులకు సేవచేసే ఖైదీలు. దేశీయ వైద్యులకు మొదట కలకత్తాలో 1822లో ఒక పాఠశాల పెట్టారు. దేశీయ భాషలలో పాఠాలు చెప్పేవారు. 1835లో దానిని మూసి వైద్య కళాశాలను స్థాపించారు. కొన్నేళ్లకే సైన్యానికీ జైళ్లకూ మనుషులు చాలక హిందుస్తానీలో బోధించే తరగతిని మళ్లీ తెరవవలసి వచ్చింది. మన హైదరాబాదులో 1846లో మొదలైన వైద్య పాఠశాలలో కూడా ఉర్దూలోనే చదువు సాగింది. రాత్రివేళ జ్వరపీడితుని నాడి పట్టుకున్నది ఈ కింది శ్రేణి వైద్యులే. చరిత్ర పుస్తకాలు మాత్రం డాక్టర్ వాకర్ పేరు చెప్పి, తక్కినవారిని 'ఇద్దరు దేశీయ వైద్యులు' అని ఊరుకుంటాయి.

1864లో జైళ్ల సంస్కరణ కోసం కూర్చున్న సంఘం జిల్లా సివిల్ సర్జన్లనే జైలు సూపరింటెండెంట్లుగా నియమించాలని సిఫార్సు చేసింది. ఖైదీల మరణాలు తగ్గాలంటే జైలు వైద్యుని చేతిలో ఉండాలన్నది వారి వాదన. అందులో మేలు లేకపోలేదు. జైలులో నీరు, గాలి, ఆహారం, మురుగు గురించి పట్టించుకోవడం పెరిగింది. ఎంతమంది చనిపోతున్నారన్న లెక్క సక్రమంగా రాయడం మొదలైంది. కాని మరో పర్యవసానం కూడా ఉంది. 1894 నాటి కారాగార చట్టం ప్రతి జైలుకు ఒక సూపరింటెండెంటు, ఒక వైద్యాధికారి ఉండాలని చెబుతూ, ఆ వైద్యాధికారే సూపరింటెండెంటు కూడా కావచ్చునని అనుమతించింది. ఖైదీకి శిక్ష విధించే చేయి, అతని నాడి చూసే చేయి ఒక్కటే కావడానికి చట్టమే దారి ఇచ్చింది.

"అయితే ఖైదీ ఎవరితో మొరపెట్టుకోవాలి?" అన్నది మా శ్రీమతి. అంతవరకు ఆమె మా మాటలు వింటున్నదని నాకు తెలియదు.

నమక్ భట్టా: కడిగేవారు లేని శవం

మూడవ రోజు ఉదయం నమక్ భట్టాకు వెళ్లాము. సముద్రపు గాలి వీచే ప్రశాంతమైన చోట అల్లామా ఖైరాబాదీ సమాధి ఉంది. ఆయన తర్కశాస్త్రంలోనూ అరబ్బీ సాహిత్యంలోనూ తన కాలంలో సాటిలేని పండితుడు, మీర్జా గాలిబ్‌కు ఆప్తమిత్రుడు. 1857 తిరుగుబాటులో పాల్గొన్నారన్న అభియోగంపై యావజ్జీవ ద్వీపాంతరవాసం విధించారు. 1859 అక్టోబరులో అరవై దాటిన వయసులో ఇక్కడ అడుగుపెట్టారు. రెండేళ్లు నిండకుండానే 1861 ఆగస్టులో కన్నుమూశారు.

ఆ రెండేళ్లలో ఆయన అరబ్బీలో రాసిన గ్రంథం 'అస్సౌరతుల్ హిందియ్యా'. తిరుగుబాటు చరిత్రగా దానికి పేరు. నేను దానిని ఒక రోగి వాంగ్మూలంగా కూడా చదివాను. ఇక్కడి ఎండనూ, పడని నీటినీ, రుచించని తిండినీ, ఒళ్లంతా గజ్జి, పుండ్లు లేవడాన్నీ ఆయన వర్ణించారు. జబ్బు చేస్తే మందు దొరకదని, దొరికినా నయం కాదని, వైద్యుడే రోగాన్ని పెంచుతాడని వాపోయారు. తర్వాత చావు గురించి రాశారు. ఖైదీ చనిపోతే పాకీవాడు వచ్చి కాలు పట్టుకుని ఈడ్చుకుపోతాడని, బట్టలు తీసేసుకుంటాడని, గుస్ల్ లేకుండా, కఫన్ లేకుండా, జనాజా నమాజు లేకుండా ఇసుకలో పూడ్చిపెడతాడని చెప్పారు. ఆ భాగాన్ని తరగతిలో బోధించినప్పుడల్లా నా గొంతు పూడుకుపోయేది. ఆనాడు ఆయన భయపడింది చావుకు కాదని పిల్లలకు చెప్పేవాణ్ణి. చచ్చిన తర్వాత తన దేహం ఎవరి బాధ్యత అన్నది ఆయన్ను వేధించింది.

మరొకరిని కూడా ఇక్కడ తలచుకోవాలి. ముఫ్తీ ఇనాయత్ అహ్మద్ కాకోరవీ గారూ ఈ దీవులకే పంపబడ్డారు. దగ్గర ఒక్క పుస్తకం లేకుండా, కేవలం జ్ఞాపకశక్తి మీద ఆధారపడి, దైవప్రవక్త (స) జీవిత చరిత్రను, అరబ్బీ వ్యాకరణ గ్రంథం 'ఇల్ముస్సీగా'ను ఇక్కడే రచించారు. ఆ వ్యాకరణం నేటికీ మదరసాలలో పాఠ్యగ్రంథం. ప్రవక్త చరిత్రను ఇక్కడి ఒక ముస్లిం వైద్యుడు కోరగా రాశారని సంప్రదాయంగా చెబుతారు. ఖైదీ వద్దకు మందుతోపాటు కాగితం, కలం పట్టుకుని వచ్చిన వైద్యుణ్ణి ఊహించుకుంటే మనసుకు కొంత ఊరట కలుగుతుంది. ముఫ్తీగారు విడుదలై స్వదేశం చేరారు. 1863లో హజ్‌కు వెళుతూ జిద్దా సమీపంలో ఓడ మునిగి మరణించారు.

మన తెలంగాణ నేల నుంచి వచ్చినవారిని కూడా ఆ సమాధి ముందే తలచుకున్నాను. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలసి హైదరాబాదు రెసిడెన్సీపై దాడికి నడిచిన మౌల్వీ అలావుద్దీన్ ఈ దీవులకే పంపబడి ఇక్కడే మరణించారు. కోఠీలో మహిళా విశ్వవిద్యాలయం మెట్లెక్కే పిల్లలకు ఆ భవనమే నాటి రెసిడెన్సీ అని ఎందరు పెద్దలు చెబుతున్నారో!

మేము ఫాతిహా చదివాము. పేరూ ఊరూ లేకుండా ఇసుకలో కలసిపోయిన వారందరి కోసం దుఆ చేశాము. మా శ్రీమతి చేతులు దించడానికి చాలాసేపు పట్టింది.

జ్వరం దేని వల్ల?

ఆ దీవుల్లో ఎక్కువమందిని మంచాన పడేసింది చలిజ్వరం. ఖైదీల చేత అడవి నరికించారు, సముద్రపు నీరు నిలిచే చిత్తడి నేలలు పూడ్పించారు. నడుములోతు బురదలో నిలబడి పనిచేసినవాడు సాయంత్రానికి వణుకుతూ వచ్చేవాడు. కుళ్లిన ఆకుల నుంచి లేచే చెడుగాలి వల్లనే జ్వరం వస్తుందని అప్పటి వైద్యుల నమ్మకం. అందుకే ఎత్తైన చోటి గాలి మంచిదనుకున్నారు. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో హారియట్ కొండ ఎక్కడానికి ఒక కారణం ఇదే. రోగుల విశ్రాంతి గృహానికి ఆ కొండ అనువుగా ఉంటుందేమో చూడాలనుకున్నాడు. దిగి రేవు వద్దకు వచ్చేసరికి చీకటి పడింది. అక్కడ షేర్ అలీ ఆఫ్రీదీ అనే ఖైదీ కత్తితో అతన్ని పొడిచి చంపాడు. మార్చి 11న వైపర్ దీవిలో షేర్ అలీని ఉరితీశారు.

జ్వరం గుట్టు తేలింది మన సికింద్రాబాదులో. 1897 ఆగస్టు 20న ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. (రాస్ దీవి పేరు ఈయనది కాదు, డేనియల్ రాస్ అనే సముద్ర సర్వేయరుది.) ఆ దోమలకు నాలుగు రోజుల ముందు రక్తం ఇచ్చిన రోగి పేరు హుసేన్ ఖాన్. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించాడు. నోబెల్ బహుమతి రాస్‌కు వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు మన పిల్లల పాఠాలలో కనబడదు. 1911 ప్రాంతంలో క్రిస్టఫర్స్ అనే మరో వైద్యుడు అండమాన్‌కు వచ్చి, ఉప్పు చిత్తడి నేలల్లో గుడ్లు పెట్టే ఒక జాతి దోమ ఇక్కడి జ్వరానికి మూలమని తేల్చాడు. చిత్తడికి దగ్గరగా ఉన్న శిబిరాల్లోనే రోగులు ఎక్కువ. ఖైదీలను ఎక్కడ నిద్రపుచ్చాలన్న నిర్ణయమే వారి ప్రాణాలను నిర్ణయించిందన్నమాట. అది తెలిసేసరికి ఈ శిక్షా స్థావరం వయసు యాభై దాటింది.

సెల్యులర్ జైలు

చివరి రోజు సెల్యులర్ జైలుకు కేటాయించాము. 1890లో ఇద్దరు అధికారులు దీవులను పరిశీలించి, ఇక్కడి జీవితం ఖైదీలకు తేలికైపోయిందని, వచ్చిన ప్రతివాడూ మొదట కొంతకాలం ఒంటరి కొట్టులో గడపాలని నివేదిక ఇచ్చారు. ఒకరు హోం శాఖ కార్యదర్శి చార్లెస్ లయల్. రెండవవాడు డాక్టర్ లెత్‌బ్రిడ్జ్, వైద్యుడు, బెంగాల్ జైళ్ల అధిపతి. ఆ సిఫార్సుకు ఇటుకల రూపమే ఈ భవనం. 1896లో మొదలై 1906లో ముగిసింది. మధ్యలో ఒక గోపురం, దాని నుంచి ఏడు రెక్కలు, ఒక్కో దానికి మూడు అంతస్తులు. మొత్తం దాదాపు ఏడు వందల కొట్లు. ఒక్కో కొట్టు పదమూడున్నర అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. వెనుక గోడలో చేతికందని ఎత్తున చిన్న గవాక్షం. ఒక రెక్కలోని ఖైదీకి ఎదుట కనిపించేది మరో రెక్క వీపు మాత్రమే. మరో మనిషి ముఖం చూసే వీలు లేదు.

లోపల కొబ్బరి గానుగ నమూనా ఉంది. ఎద్దు తిప్పవలసిన దానిని మనిషి తిప్పి రోజుకు ముప్పై పౌనుల నూనె తీయాలి. దాని పక్కన కొరడా దెబ్బలకు మనిషిని కట్టే చట్రం. సందర్శకులు దానితో ఫొటోలు దిగుతున్నారు. మా అమ్మాయి చట్రానికి ఒక పక్కగా వెళ్లి నిలబడింది.

"వైద్యుడు ఇక్కడే నిలబడి ఉంటాడు కదా అబ్బా?" అన్నది.

ఆమె అన్నది నిజమే. 1894 చట్టం ప్రకారం ఖైదీ తట్టుకోగలడని వైద్యాధికారి ధ్రువపత్రం ఇవ్వనిదే కొరడా శిక్ష అమలు చేయరాదు. అమలు జరిగేటప్పుడు సూపరింటెండెంటుతోపాటు వైద్యాధికారి లేదా అతని సహాయకుడు అక్కడ ఉండాలి. దెబ్బలు ముప్పై వరకు వేయవచ్చు. అదే చట్టంలో మరికొన్ని నిబంధనలున్నాయి. పని చేసే ప్రతి ఖైదీ బరువును కనీసం పదిహేను రోజులకొకసారి తూచి అతని చీటీ మీద రాయాలి. ఒక పని వల్ల ఖైదీ ఆరోగ్యం చెడుతున్నదని వైద్యుడు భావిస్తే ఆ పని చేయించరాదు. ఒంటరి కొట్టులో ఒక రోజుకు మించి ఉన్నవానిని వైద్యుడు లేదా అతని సహాయకుడు రోజుకొకసారైనా చూడాలి. ప్రతి జైలులో ఆసుపత్రి ఉండాలి.

"ఇవన్నీ మంచి నిబంధనలే" అన్నది మా అమ్మాయి. "గానుగ నుంచి ఒకణ్ణి తప్పించే అధికారం వైద్యుడికి ఉంది. అదే కలంతో కొరడాకు అనుమతీ ఇవ్వాలి."

ఆ కలం ఎటు మొగ్గిందో చెప్పే ఉదంతాలు ఈ గోడల మధ్యే ఉన్నాయి. 1912లో ఉల్లాస్కర్ దత్ అనే బెంగాలీ విప్లవకారుణ్ణి చేతులకు సంకెళ్లు వేసి కొట్టులో నిలబెట్టారు. తీవ్ర జ్వరంతో అతనికి మతి చలించింది. పిచ్చాసుపత్రికి తరలించారు, తర్వాత మద్రాసుకు పంపారు. 1933 మేలో రాజకీయ ఖైదీలు మనుషులు తినదగిన తిండి, వెలుతురు, పుస్తకాలు కోరుతూ నిరాహారదీక్షకు దిగారు. జైలు వైద్య సిబ్బంది వారిని పడవేసి, ముక్కులోంచి గొట్టం దించి, బలవంతంగా పాలు పోశారు. భగత్ సింగ్ సహచరుడు మహావీర్ సింగ్ ప్రతిఘటించాడు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి మే 17న చనిపోయాడు. అదే నెలలో మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్రా కూడా మరణించారు. వారి దేహాలను రాళ్లు కట్టి సముద్రంలో వదిలారని చెబుతారు. ఖైరాబాదీ రాసిన ఇసుక గుంతకూ దీనికీ మధ్య డెబ్బై ఏళ్ల దూరం ఉంది. ఆ డెబ్బై ఏళ్లలో వైద్యశాస్త్రం దోమను పట్టుకుంది, చట్టం తక్కెడను తెచ్చింది. ఖైదీ దేహం ఎవరి అమానత్ అన్న ప్రశ్న మాత్రం ఉన్నచోటనే ఉండిపోయింది. దీక్ష 46 రోజులు సాగింది. ఆ తర్వాతే కొన్ని కోరికలు తీరాయి. 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలందరినీ ప్రధాన భూభాగానికి తీసుకుపోయారు.

మరొక వైద్యుని కథ కూడా ఈ జైలుదే. డాక్టర్ దీవాన్ సింగ్ పంజాబీ కవి, 1927 నుంచి ఇక్కడ ప్రభుత్వ వైద్యుడు. 1942లో దీవులు జపాన్ సైన్యం వశమయ్యాయి. ఆ పాలకుల ఆదేశాలకు తలవంచలేదని ఆయన్ను పట్టుకుని ఇదే జైలులో పడవేశారు. దాదాపు మూడు నెలలు చిత్రహింసలు పెట్టారు. 1944 జనవరి 14న ఆయన చనిపోయారు. ఖైదీలకు వైద్యం చేయవలసిన మనిషి ఖైదీల కొట్టులోనే ప్రాణం విడిచాడు. ఊళ్లో ఆయన పేరిట గురుద్వారా ఉంది.

గోడ అవతల

ఏడు రెక్కలలో నేడు మూడే మిగిలాయి. కొన్ని జపాన్ వారి కాలంలో పడగొట్టబడ్డాయి, కొన్ని స్వాతంత్ర్యం తర్వాత. ఖాళీ అయిన చోట 1963లో గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రిని నెలకొల్పారు. మిగిలిన జైలును 1979లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. పై అంతస్తు వసారాలో నడుస్తుంటే ఆసుపత్రి కిటికీలు కనిపిస్తాయి. బయట బెంచీల మీద చీటీలు పట్టుకుని రోగులు ఎదురుచూస్తున్నారు. ఒక నర్సు ఒక ముసలాయన చేయి పట్టుకుని నడిపిస్తున్నది.

గేటు బయట టీ తాగుతున్నప్పుడు ఒప్పందాన్ని మా శ్రీమతే పక్కన పెట్టింది. "బేటీ, నువ్వు వెళ్లకపోతే అక్కడికి ఇంకెవరో వెళతారు కదా?" అన్నది.

"వెళతారు అమ్మీ. లేదా ఎవరూ వెళ్లరు, ఖాళీగా ఉంటుంది."

"అయితే చేరు" అన్నది ఆమె. "కాని ఒకమాట. అక్కడ చెరలో ఉన్నవాళ్లకు కూడా తల్లులుంటారు. అది గుర్తుపెట్టుకో."

నేను అప్పటివరకు చెప్పని నా అభ్యంతరాన్ని మింగేసి ఒక్క ప్రశ్న మాత్రం అడిగాను. చేరిన మొదటిరోజు ఏం చేస్తావని. రోగుల రిజిస్టరు, బరువుల పుస్తకం చూస్తానని చెప్పింది. ఏ పేరు ముందు బరువు తగ్గుతూ వస్తున్నదో ఆ మనిషిని ముందు పిలిపిస్తానన్నది. ఎవరైనా చనిపోతే, వారి మతం ప్రకారం అంత్యక్రియలు జరిగే ఏర్పాటు ఉందో లేదో అడిగి తెలుసుకుంటానన్నది. ఈ రెండవది నేను నేర్పిన పాఠం కాదు. నమక్ భట్టాలో ఆమె తనంతట తాను నేర్చుకున్నది.

తిరిగి వచ్చిన తర్వాత గడువుకు రెండు రోజుల ముందే ఆమె ఉద్యోగంలో చేరింది. మీలో ఎవరైనా అండమాన్ వెళితే సముద్రాన్ని, పగడాలను తప్పక చూడండి. ఒక ఉదయం నమక్ భట్టాకు, ఒక పూట చాథం ఒడ్డుకు కూడా కేటాయించండి. పిల్లల్ని వెంట తీసుకువెళ్లండి. మరుగున పడిపోయిన ఆ ఖైదీల కోసం ఒక దుఆ చేయండి. చెరలో ఉన్నవారి నాడి చూడటానికి ఈనాడు వెళుతున్న మన బిడ్డల కోసం మరొకటి.